కక్ష్యలోంచి భూమి: కంటికి ఎంత కనిపిస్తుంది, ఒంటికి ఎంత రేడియేషన్ తగులుతుంది?

శుభాంశు శుక్లా 2025 జూన్ 26న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టాక మన ఫోన్లలో ఎక్కువగా తిరిగినవి అక్కడి కిటికీ దగ్గర తీసిన ఫొటోలే. వాటిని చూసిన చాలామందికి వెంటనే వచ్చిన అనుమానం ఒకటుంది. అంత ఎత్తున, గాలి కూడా లేని చోట, రేడియేషన్ మనిషిని బతకనిస్తుందా? బతకనిస్తే మరి ఆ ప్రమాదం గురించి శాస్త్రవేత్తలు ఎందుకంత టెన్షన్ పడతారు? "ఇవాళ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు వస్తున్నాయి, ఫోన్లు ఆపేయండి" అని ఏళ్ల తరబడి తిరుగుతున్న వాట్సాప్ సందేశం ఈ అయోమయాన్ని ఇంకాస్త పెంచింది. కాస్మిక్ కిరణాలు ఒక రాత్రి వచ్చిపోయేవి కావు. పగలూ రాత్రీ అన్ని దిక్కుల నుంచీ వస్తూనే ఉంటాయి. వాటికీ మన ఫోన్లకీ సంబంధం లేదు.

భూమిని చూడటం, రేడియేషన్‌కు గురికావడం వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి కానీ రెండింటినీ తేల్చేది ఒకే లెక్క. వ్యోమనౌక ఎంత ఎత్తున తిరుగుతోంది, భూమధ్యరేఖకు దాని దారి ఎంత వాలుగా ఉంది, ఆ సమయంలో సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడు అనే మూడింటినీ బట్టే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో, ఒంటికి ఎంత డోసు పడుతుందో తేలుతుంది.

నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి మన తీరం

ఐఎస్‌ఎస్ అని పిలిచే అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు సుమారు 7.66 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. భూమిని ఒకసారి చుట్టడానికి గంటన్నర చాలు. అంటే రోజుకు 15, 16 ప్రదక్షిణలు, అన్ని సూర్యోదయాలు, అన్ని సూర్యాస్తమయాలు. దాని దారి భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది. కాబట్టి ఉత్తరాన 51.6 డిగ్రీల అక్షాంశం నుంచి దక్షిణాన 51.6 డిగ్రీల దాకా ఉన్న ప్రాంతాల మీదుగా అది పోతుంది. మనుషుల్లో అత్యధికులు నివసించేది ఈ నడుమనే.

కొంచెం దగ్గరగా చూద్దాం. నైరుతి నుంచి ఈశాన్యానికి పోయే ప్రదక్షిణలో కేంద్రం దారి, మన ఆంధ్ర తీరం వాలు దాదాపు ఒకటే. అలాంటి దారి సరిగ్గా తీరం మీదుగా పడిందనుకోండి. నెల్లూరు దగ్గర పులికాట్ సరస్సు కిందికి రాగానే చూపు మొదలుపెడితే, కృష్ణా డెల్టా, కొల్లేరు, గోదావరి పాయలు, విశాఖ కొండలు దాటుకుని ఇచ్ఛాపురం చేరడానికి దాదాపు 100 సెకన్లు పడుతుంది. డెల్టాల దగ్గర నదులు మోసుకొచ్చిన మట్టి నీరు సముద్రపు నీలంలో కలిసే గీత ఈ ఎత్తు నుంచి స్పష్టంగా తెలుస్తుంది. కెమెరా పట్టుకునేలోపే అమలాపురం వెనక్కి వెళ్లిపోతుంది. అందుకే వ్యోమగాములు ఏ నిమిషానికి ఏ ప్రాంతం వస్తుందో ముందే లెక్కేసుకుని కిటికీ దగ్గరికి చేరతారు.

చూపు ఎంత దూరం పోతుందన్నది భూమి వంపు తేల్చే విషయం. 400 కిలోమీటర్ల ఎత్తున దిగంతం చుట్టూ దాదాపు 2,200 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. హైదరాబాద్ నడినెత్తిన ఉన్నప్పుడు వాతావరణం తేటగా ఉంటే ఒక వైపు శ్రీలంక, ఇంకో వైపు హిమాలయాలు చూపు పరిధిలోకి వస్తాయి. భూగోళం మొత్తం ఒకేసారి కనిపించదు. గుండ్రటి భూమి మొత్తం ఉన్న ఫొటోలు చాలా దూరం నుంచి, ఉదాహరణకు చంద్రుడి దారిలో తీసినవి.

కేంద్రంలో భూమిని చూడటానికి ప్రత్యేకంగా కట్టిన గది క్యూపోలా. ఇటలీలో తయారైన ఈ గదిని 2010 ఫిబ్రవరిలో అమర్చారు. చుట్టూ ఆరు కిటికీలు, మధ్యలో భూమివైపు తిరిగి ఉండే ఒక గుండ్రటి కిటికీ. మధ్య కిటికీ వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు. శుక్లా ఫొటోల్లో మనం చూసింది ఈ గదినే.

ఉపగ్రహాలు ఇన్ని ఉండగా మనిషి ఎందుకు చూడాలి

ఈ ప్రశ్నకు రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. గోదావరికి వరదొస్తే ఏ ఊరు ఎంత మునిగిందో చెప్పే పటాలు హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నుంచి వస్తాయి. వాటి వెనక ఉన్నవి ఉపగ్రహాలు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం రాడార్‌తో చూస్తుంది, కాబట్టి మబ్బులూ చీకటీ దానికి అడ్డు కావు. 747 కిలోమీటర్ల ఎత్తు నుంచి 12 రోజులకోసారి అదే చోటును మళ్లీ కొలుస్తుంది. మనిషి కన్ను ఈ పని చేయలేదు. యంత్రానికి క్యాన్సర్ భయమూ లేదు.

మరి రెండో వైపు? భూమిని గమనించే ఉపగ్రహాల్లో చాలావరకు ఒక ప్రాంతం మీదికి రోజూ దాదాపు ఒకే స్థానిక సమయానికి వస్తాయి. ఐఎస్‌ఎస్ అలా కాదు. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, అర్ధరాత్రి ఇంకోసారి వస్తుంది. అనుకోనిది కంటపడితే మనిషి ఆగి దాని వైపు తిరుగుతాడు. 2006 మే 23న అలూషియన్ దీవుల్లోని క్లీవ్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలవడం కిటికీలోంచి చూసి అలాస్కాలోని పరిశీలకులకు చెప్పింది వ్యోమగామి జెఫ్ విలియమ్సే. రాత్రిపూట నగరాల ఫొటోలదీ ఇదే కథ. కేంద్రానికి సరిగ్గా కిందనుండే చోటు భూమి మీద సెకనుకు దాదాపు 7.2 కిలోమీటర్లు జరుగుతుంది. షట్టర్ పావు సెకను తెరిచి ఉంచినా 1.8 కిలోమీటర్ల మేర బొమ్మ అలుక్కుపోతుంది. 2002-03లో అక్కడున్న డాన్ పెటిట్ కేంద్రంలో దొరికిన విడిభాగాలతోనే, భూమి కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే ఒక చిన్న సాధనం తయారు చేసుకున్నాడు. వీధి దీపాల వరుసలు విడివిడిగా కనిపించే ఫొటోలు అలా వచ్చాయి.

మన రాకేశ్ శర్మ పని కూడా ఇందులోకే వస్తుంది. 1984 ఏప్రిల్‌లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూట్-7లో గడిపిన రోజుల్లో ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి భారత భూభాగాన్ని కక్ష్యలోంచి ఫొటోలు తీయడం. "సారే జహాఁ సే అచ్ఛా" మాట అందరికీ గుర్తుంది కానీ ఆ కెమెరా పని ఎక్కువమందికి తెలియదు. అది బాధ కలిగించే విషయం.

నా మటుకు నాకు, కొలతల కోసమే అయితే మనిషిని పంపనక్కర్లేదు. కానీ మనిషి ఎలాగూ అక్కడ ఉన్నప్పుడు ఆ కన్ను చేసే పని విలువైనది. ఆ పనికి ఒళ్లు చెల్లించే ధర ఎంతో చూడాలి.

అక్కడ రేడియేషన్ మూడు వైపుల నుంచి

రేడియేషన్ అనగానే అణు రియాక్టరో, ఎక్స్‌రే గదో గుర్తొస్తుంది. అంతరిక్షంలోది ప్రధానంగా విపరీత వేగంతో దూసుకొచ్చే కణాల వాన. అవి శరీరంలోంచి పోతూ అణువుల్లోని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. డీఎన్ఏ పోగులు తెగుతాయి. శరీరం చాలావాటిని అతుక్కుంటుంది, కొన్నిటిని తప్పుగా అతుక్కుంటుంది. ప్రమాదమంతా ఆ తప్పుల్లోనే ఉంది.

మొదటి మూలం గెలాక్సీ కాస్మిక్ కిరణాలు. ఎక్కడో పేలిన నక్షత్రాల నుంచి దాదాపు కాంతి వేగంతో వచ్చే కేంద్రకాలివి. వీటిలో 87 శాతం దాకా ప్రోటాన్లు, 12 శాతం హీలియం, మిగిలిన ఒక్క శాతం ఇనుము వంటి బరువైన కేంద్రకాలు. ఆ ఒక్క శాతమే ఎక్కువ నష్టం చేస్తుంది.

రెండోది సూర్యుడి తుపాను. సౌర విస్ఫోటం జరిగినప్పుడు గంటల నుంచి రోజుల దాకా ప్రోటాన్లు ఒక్కసారిగా ముంచెత్తుతాయి. 1972 ఆగస్టులో అలాంటి భారీ తుపాను వచ్చింది. అపోలో-16 ఏప్రిల్‌లో తిరిగొచ్చేసింది, అపోలో-17 డిసెంబరులో వెళ్లింది. ఆ రెంటి నడుమ కాబట్టి సరిపోయింది. చంద్రుడి మీద సూటుతో మాత్రమే నిలబడి ఉన్నవాళ్లకైతే తీవ్రమైన జబ్బు చేసి ఉండేది.

మూడోది భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరిగే కణాలు. 1958లో అమెరికా తొలి ఉపగ్రహాలు ఎక్స్‌ప్లోరర్-1, 3 పంపిన కొలతల నుంచి జేమ్స్ వాన్ అలెన్ వీటిని కనిపెట్టారు. వాన్ అలెన్ వలయాలన్న పేరు అలా వచ్చింది. ఐఎస్‌ఎస్ మామూలుగా ఈ వలయాలకు కిందనే తిరుగుతుంది. ఒక్క చోట తప్ప.

దక్షిణ అట్లాంటిక్ మీద ఏం జరుగుతుంది

భూమి అయస్కాంత క్షేత్రం కేంద్రం, భూమి అసలు కేంద్రం ఒక చోట లేవు. ఐదారు వందల కిలోమీటర్ల తేడా ఉంది. పైగా అయస్కాంత అక్షం కొంచెం వాలి ఉంటుంది. దీనివల్ల బ్రెజిల్, దాని పక్కన దక్షిణ అట్లాంటిక్ సముద్రం మీద క్షేత్రం బలహీనంగా ఉంటుంది. లోపలి వాన్ అలెన్ వలయం అక్కడ సుమారు 200 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగివస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే కేంద్రం అక్కడికొచ్చేసరికి నేరుగా వలయంలోకే దూరిపోతుందన్నమాట.

ఒక ప్రదక్షిణ ముగిసేలోపు భూమి తూర్పుకు 23 డిగ్రీల దాకా తిరిగిపోతుంది కాబట్టి ప్రతి ప్రదక్షిణా ఈ ప్రాంతం మీదుగా పోదు. వరసగా కొన్ని పోతాయి, తర్వాత కొన్ని గంటలు విరామం. లోపల ఉండేది కొన్ని నిమిషాలే అయినా రోజు మొత్తం డోసులో పెద్ద భాగం ఇక్కడే పడుతుంది. హబుల్ టెలిస్కోపు ఇక్కడికొస్తే పరిశీలన ఆపేసుకుంటుంది. వ్యోమగాములు కేంద్రం బయటికొచ్చి చేసే పనులను ఈ ప్రాంతానికి తగలకుండా ఉండే సమయాల్లో పెట్టుకుంటారు. ఈ బలహీన ప్రాంతం పెరుగుతోంది కూడా. యూరప్‌కు చెందిన స్వార్మ్ ఉపగ్రహాలు 2014 నుంచి కొలుస్తున్న లెక్క ప్రకారం యూరప్ ఖండంలో దాదాపు సగమంత మేర విస్తరించింది. నేల మీద ఉండే బ్రెజిల్ ప్రజలకు దీనివల్ల హాని లేదు, పైనున్న వాతావరణం వాళ్లను కాపాడుతుంది.

గ్రే ఒకటి, సీవర్ట్ ఒకటి: రెండు కొలతలు ఎందుకు

వార్తల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. కిలో శరీర కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగితే అది ఒక గ్రే. ఎంత శక్తి దిగిందో మాత్రమే ఇది చెబుతుంది. కానీ కిలో ఇసుక నెత్తిన రాలడం, కిలో రాయి పడటం ఒకటి కాదు. బరువు అంతే, దెబ్బ వేరు. ఎక్స్‌రే శక్తి శరీరమంతా పలచగా పరుచుకుంటుంది. ఇనుప కేంద్రకం శక్తినంతా ఒక సన్నటి గీతలో కుమ్మరిస్తుంది. ఆ తేడాను కలిపి వేసే లెక్క సీవర్ట్. దానిలో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్.

ఐఎస్‌ఎస్‌లో రోజుకు దిగే శక్తి 0.2 నుంచి 0.3 మిల్లీగ్రే. కణాల స్వభావం కలిపి లెక్కేస్తే అది 0.5 నుంచి 0.7 మిల్లీసీవర్ట్ అవుతుంది. లెక్కలకు వీలుగా మనం 0.6 అనుకుందాం.

నేల మీద మనిషికి ప్రకృతి నుంచి, అంటే మట్టి, గాలి, ఆహారం, ఆకాశం అన్నిటి నుంచీ కలిపి ఏడాదికి వచ్చే ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్. కేంద్రంలో నాలుగు రోజులుంటే అంత పడుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు విమానంలో వెళ్లొచ్చే ప్రయాణికుడికి మిల్లీసీవర్ట్‌లో పదోవంతుకు అటూ ఇటూ తగులుతుంది. అక్కడ అది నాలుగైదు గంటల లెక్క.

ఇప్పుడు మనుషుల పేర్లతో చూద్దాం. ఇవన్నీ రోజుకు 0.6 చొప్పున వేసిన ఉజ్జాయింపు లెక్కలే, వాళ్ల ఒంటి మీది పరికరాలు చూపిన కొలతలు కావు. శుక్లా కేంద్రంలో 18 రోజులున్నారు: దాదాపు 11 మిల్లీసీవర్ట్. ఆసుపత్రిలో పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్‌కు కాస్త అటూ ఇటూ. తండ్రి మూలాలు హైదరాబాద్‌లో ఉన్న రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజులు అంతరిక్షంలో గడిపారు: 106 దాకా. మన దేశంలో రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగులకు ఐదేళ్లకు కలిపి పెట్టిన పరిమితి 100. ఆరునెలలు నిండకుండానే ఆ ఐదేళ్ల కోటా దాటిపోయిందన్నమాట. గగన్‌యాన్‌లో అనుకుంటున్నట్టు 400 కిలోమీటర్ల ఎత్తున మూడు రోజులే అయితే రెండు మిల్లీసీవర్ట్ దగ్గర ఆగుతుంది. 2021 జులైలో గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష చేసిన లాంటి ప్రయాణంలో కక్ష్యలోకి వెళ్లడమే ఉండదు. అంత ఎత్తున గడిపేది నిమిషాలే కాబట్టి డోసు లెక్కలోకి రాదు.

కిటికీ దగ్గర కూర్చుంటే ఎక్కువ పడుతుందా

సూర్యుడి అతినీలలోహిత కాంతి గురించైతే ఈ ప్రశ్న సబబే. దాన్ని కిటికీ అద్దాల పూతలు అడ్డుకుంటాయి. కాస్మిక్ కణాల సంగతి వేరు. అద్దమైనా అల్యూమినియం గోడైనా వాటికి పెద్ద అడ్డంకి కాదు. రెండింటినీ దాటుకుని వస్తాయి. క్యూపోలాకు మూతలున్నాయి, పని లేనప్పుడు మూసి ఉంచుతారు. కానీ అవి రేడియేషన్ కోసం కాదు, చిన్న చిన్న ఉల్కలు, శిథిలాలు అద్దాలకు తగలకుండా.

కేంద్రానికి ఉన్న పెద్ద రక్షణల్లో ఒకటి కిటికీలోంచి కనిపించే భూమే. అంత ఎత్తున భూమి మొత్తం ఆకాశంలో దాదాపు మూడో వంతును కప్పేస్తుంది. ఆ దిక్కు నుంచి కాస్మిక్ కిరణాలు రాలేవు. మిగిలిన దిక్కుల్లో చాలావాటిని అయస్కాంత క్షేత్రం పక్కకు వంచేస్తుంది. కేంద్రం లోపల ఒక గదికీ ఇంకో గదికీ డోసులో తేడా ఉంటుంది. అది చుట్టూ పేర్చి ఉన్న సామాను, గోడల మందాన్ని బట్టి.

ఈ కణాలు చేసే పని కంటికి కనిపించే చోటు ఒకటుంది: కెమెరా. ఐఎస్‌ఎస్‌లో వాడే నికాన్ కెమెరాల సెన్సర్లలోంచి కణాలు దూసుకుపోయినప్పుడల్లా కొన్ని పిక్సెళ్లు దెబ్బతింటాయి. అవి వెలుగు పడకపోయినా వెలుగుతూనే ఉంటాయి. పగటి ఫొటోలో తెలియదు. రాత్రి ఫొటోలో నల్లటి సముద్రం మీద ఎర్రటి, పచ్చటి, నీలపు చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి, తెలియనివాళ్లు నక్షత్రాలనుకుంటారు. నెలలు గడిచేకొద్దీ చుక్కలు పెరుగుతాయి. చివరికి ఆ కెమెరాను పక్కన పెట్టి కొత్తది వాడతారు. కెమెరా మార్చొచ్చు, అదే కణం పోయిన కంటిని మార్చలేం. అపోలో రోజుల నుంచీ వ్యోమగాములు కళ్లు మూసుకున్నా చీకట్లో మెరుపులు కనిపించాయని చెబుతూ వచ్చారు. అది కణాలు కంటి లోపలి పొరను తాకడం వల్ల.

సూర్యుడు చురుగ్గా ఉంటే మంచిదా, చెడ్డదా

రెండూ. సూర్యుడి చురుకుదనం దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. చురుగ్గా ఉన్నప్పుడు సౌర అయస్కాంత క్షేత్రం గెలాక్సీ నుంచి వచ్చే కిరణాలను ఎక్కువగా నెట్టేస్తుంది. భూమి పై వాతావరణం కూడా వేడెక్కి ఉబ్బి, లోపలి వలయంలోని కొన్ని ప్రోటాన్లను మింగేస్తుంది. అందుకే ఆరునెలల ప్రయాణానికి నాసా ఇచ్చే అంచనా సూర్యుడు చురుగ్గా ఉంటే 80, మందకొడిగా ఉంటే 160 మిల్లీసీవర్ట్. అయితే తుపానులు వచ్చేది కూడా ఆ చురుకైన కాలంలోనే. 2003 అక్టోబరు చివర్లో భారీ సౌర తుపాను వచ్చినప్పుడు కేంద్రంలోని సిబ్బందిని రష్యా విభాగమైన జ్వెజ్డా వెనక భాగంలోకి వెళ్లి ఉండమన్నారు. అక్కడ గోడలకు రక్షణ ఎక్కువ.

2024 మే నెలలో వచ్చిన తుపాను లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశాన్ని కూడా ఎర్రగా చేసింది. ఇలాంటప్పుడు కక్ష్యలోంచి ధ్రువ కాంతులు అద్భుతంగా కనిపిస్తాయి. ఆ వెలుగులు తెచ్చే ఎలక్ట్రాన్లకు శక్తి తక్కువ, అవి గోడ దాటి లోపలికి రాలేవు. భయపడాల్సింది తుపానుతో పాటు వచ్చే అధిక శక్తి ప్రోటాన్లకు. అవీ అక్షాంశాలు ఎక్కువున్న చోటే, అంటే కేంద్రం దారి ఉత్తర, దక్షిణ అంచులకు చేరినప్పుడే ఎక్కువ తగులుతాయి. ధ్రువ కాంతులు బాగా కనిపించేదీ ఆ అంచుల్లోనే.

గోడ మందం పెంచితే సరిపోదా

పూర్తిగా సరిపోదు. బరువైన కణం అల్యూమినియం గోడను ఢీకొట్టినప్పుడు అది ముక్కలై కొత్త కణాలు పుడతాయి, వాటిలో న్యూట్రాన్లూ ఉంటాయి. హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్లు, పాలిథిన్ లాంటివి ఇంతకంటే నయం. కేంద్రంలో నిద్రపోయే గదుల గోడల్లో పాలిథిన్ దిమ్మలు పెట్టింది అందుకే. సౌర ప్రోటాన్లను ఇలా బాగానే తగ్గించొచ్చు. గెలాక్సీ కిరణాలను పూర్తిగా ఆపాలంటే మోయలేనంత బరువు కావాలి.

ఆరోగ్యం మీద ప్రభావం: ఎంత తెలుసు, ఎక్కడ వాదన

ఐఎస్‌ఎస్ లాంటి చోట పడే డోసుకు వాంతులు, జుట్టు రాలడం లాంటి తక్షణ జబ్బులు రావు. చర్చ అంతా తర్వాత ఏళ్లలో వచ్చే వాటి గురించి. కంటి శుక్లాలకు ఆధారం గట్టిగానే ఉంది: కంటి కటకానికి 8 మిల్లీసీవర్ట్ దాటి డోసు తగిలిన వ్యోమగాముల్లో శుక్లాలు ఎక్కువగా, ముందుగా వచ్చినట్టు 2001లో వచ్చిన అధ్యయనం చూపింది. క్యాన్సర్ మరణాలు పెరిగినట్టు వ్యోమగాముల రికార్డుల్లో స్పష్టంగా తేలలేదు. కానీ అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు కొన్ని వందల మందే. పైగా వాళ్లు ఏరి ఏరి ఎంపిక చేసిన ఆరోగ్యవంతులు. అంత చిన్న గుంపులో చిన్న పెరుగుదల దొరకడం కష్టం.

అందుకని లెక్కలకు ఆధారం ఎక్కువగా హిరోషిమా, నాగసాకి బాధితుల నుంచి వస్తుంది. డోసు ఎంత పెరిగితే క్యాన్సర్ ముప్పు అంత పెరుగుతుంది, సున్నా దాకా గీత సూటిగానే పోతుందని రక్షణ నియమాలు అనుకుంటాయి. స్థూలంగా ఒక సీవర్ట్‌కు 5 శాతం. ఈ లెక్కన శుక్లాకు పడ్డ 11 మిల్లీసీవర్ట్‌కు అదనపు ముప్పు 0.055 శాతం. అంత డోసు పదివేల మందికి పడితే మామూలుగా వచ్చే క్యాన్సర్లకు ఐదారు తోడవుతాయని అర్థం.

దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. తక్కువ డోసు నెమ్మదిగా పడితే శరీరం సరిచేసుకుంటుందని వాళ్ల వాదన. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల కొన్ని చోట్ల సహజ రేడియేషన్ సగటుకు చాలా రెట్లు ఉంటుంది. అక్కడివాళ్లలో క్యాన్సర్లు పెరిగినట్టు 2009లో వచ్చిన అధ్యయనంలో కనిపించలేదు. మన భీమిలి తీరంలోనూ మోనజైట్ ఇసుక ఉంది. ఇటు పక్షం జవాబు కూడా తేలిగ్గా తీసేసేది కాదు: ఆ ఇసుకలోంచి బయటి నుంచి తగిలేది ప్రధానంగా గామా కిరణాలు, ఇనుప కేంద్రకాలు కావు. నాగసాకి లెక్క కూడా ఇనుప కేంద్రకాల గురించి చెప్పదు. నాకు ఈ రెండో మాటే బలంగా అనిపిస్తుంది. తెలియని రకం కణాల విషయంలో నేల మీది ఉదాహరణలతో ధైర్యం చెప్పుకోవడానికి లేదు.

జీవితం మొత్తానికి 600 చాలా, 1000 దాకా పోవచ్చా

నాసా 2022 నుంచి వ్యోమగామి వృత్తి జీవితం మొత్తానికి 600 మిల్లీసీవర్ట్ పరిమితి పెట్టింది. వయసు, ఆడా మగా తేడా లేదు. అంతకుముందు ముప్పు శాతాన్ని బట్టి లెక్కేసేవాళ్లు. మహిళలకు క్యాన్సర్ ముప్పు ఎక్కువన్న అంచనాతో వాళ్లకు తక్కువ రోజులే దక్కేవి. ఇప్పుడు అందరిలోకీ ఎక్కువ ముప్పున్న 35 ఏళ్ల మహిళను దృష్టిలో పెట్టుకుని ఒకే హద్దు గీశారు. సమాన అవకాశం వచ్చిందని కొందరు మెచ్చుకున్నారు. ఒక్కొక్కరి ముప్పు వేరైనప్పుడు అందరికీ ఒకే అంకె ఎలా న్యాయమని ఇంకొందరి ప్రశ్న.

యూరప్, రష్యా పెట్టుకున్నది 1000. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, రష్యా వ్యోమగామి ఒలెగ్ కొనోనెంకో ఐదు ప్రయాణాల్లో కలిపి 2024 సెప్టెంబరు నాటికి 1,111 రోజులు గడిపారు. రోజుకు 0.6 చొప్పున మన ఉజ్జాయింపులో 667. నాసా నియమం వర్తిస్తే ఆయన ఆగిపోవాలి, రష్యా నియమంలో ఇంకా దారి ఉంది.

అంగారకుడి లెక్కకు వచ్చేసరికి రెండు అంకెలూ ఇరుకే. క్యూరియాసిటీ రోవర్ దారిలో కొలిచింది రోజుకు 1.8 మిల్లీసీవర్ట్, దిగాక నేల మీద 0.64. రానూ పోనూ 360 రోజులు, అక్కడ 500 రోజులు అనుకుంటే మొత్తం వెయ్యికి దగ్గరపడుతుంది. భూమి, దాని అయస్కాంత క్షేత్రం ఇచ్చే రక్షణ దారిలో లేకపోవడమే దీనికి కారణం.

ఎక్కువ భూమి చూడాలంటే ఏ దారి

చైనా అంతరిక్ష కేంద్రం తియాన్‌గోంగ్ 41.5 డిగ్రీల వాలులో తిరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా అయస్కాంత రక్షణ ఎక్కువ కాబట్టి గెలాక్సీ కిరణాలు అక్కడికి తక్కువగా చేరతాయి. కానీ ఉత్తర యూరప్, కెనడా దాని దారి కింద పడవు. 2025 ఏప్రిల్‌లో ఫ్రామ్-2 అనే ప్రైవేటు అంతరిక్ష యాత్ర సిబ్బంది నలుగురు దీనికి పూర్తి వ్యతిరేకంగా, ధ్రువాల మీదుగా పోయే కక్ష్యలో తిరిగారు. మనుషులు ఆ దారిన వెళ్లడం అదే మొదటిసారి. రెండు ధ్రువాల మంచునూ కళ్లారా చూశారు. ధ్రువాల దగ్గర అయస్కాంత రక్షణ అతి తక్కువ, ప్రయాణం మూడున్నర రోజులే కావడంతో డోసు అదుపులో ఉంటుంది. ఎత్తు పెంచినా ఇదే సమస్య. సుమారు 600 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి హబుల్‌ను బాగుచేసిన షటిల్ సిబ్బందికి, వాలు తక్కువైనా, దక్షిణ అట్లాంటిక్ మీది వలయంలోకి ఇంకా లోతుగా పోవడం వల్ల రోజువారీ డోసు ఎక్కువే పడింది.

2035 నాటికి భారత్ సొంత కేంద్రం కట్టాలనుకుంటోంది. మన దేశ ప్రధాన భూభాగం 8 నుంచి 37 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. కన్యాకుమారి నుంచి కశ్మీరు దాకా నేరుగా పైనుంచి చూడాలంటే 37 డిగ్రీలకు తగ్గని వాలు కావాలి. 51 దాకా పెంచితే చూసే భూమి పెరుగుతుంది, కేంద్రం దారి అంచుల్లో తగిలే కాస్మిక్ కిరణాలూ పెరుగుతాయి. ఎత్తు తగ్గిస్తే డోసు తగ్గుతుంది, కానీ గాలి రాపిడి పెరిగి కేంద్రం తొందరగా కిందికి జారుతుంది, పైకి నెట్టడానికి ఇంధనం ఎక్కువ కావాలి. ఆరునెలలు అక్కడ ఉండబోయేవాళ్లకు ఈ రెండు అంకెల మీద పదుల మిల్లీసీవర్ట్ల తేడా వస్తుంది.